తెల్ల కాగితం కింద పేరు

వినకుండా రికార్డు కొనడంలో క్లిఫర్డ్ ఆర్మరాడ్‌ను మించిన మొండివాడు ఇంగ్లండులోని రాసెండేల్ లోయలో లేడు. పగలంతా చెప్పుల ఫ్యాక్టరీలో, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులకు అడుగులు కోసేవాడు. సాయంత్రమైతే అమెరికా నుంచి పోస్టులో వచ్చిన జాబితాలు ముందేసుకుని కూర్చునేవాడు. పదేళ్ళ కిందట నల్లజాతి గాయకులు పాడి, అక్కడెవరూ కొనక గోదాముల్లో మూలపడ్డ సోల్ పాటల రికార్డులవి. జాబితాలో పాట వినపడదు కదా. పేరు, కంపెనీ, ఊరు, అంతే. క్లిఫ్ ఆ పేర్ల మీద వేలు జరుపుకుంటూ పోయి ఒకచోట ఆపి, "ఇది ఆడుతుంది" అనేవాడు. పదింట్లో తొమ్మిది తుస్సుమనేవి. ఆ తొమ్మిదింటి ఊసు మాత్రం ఎవరి దగ్గరా ఎత్తేవాడు కాదు.

డెబ్భై నాలుగులో ఒహాయో రాష్ట్రం టొలీడో నుంచి నాణెం వేస్తే పాట పాడే జ్యూక్‌బాక్సుల వ్యాపారి ఒకడు ఉత్తరం రాశాడు. తన దగ్గర ఒక పెట్టె ఉందనీ, అందులో యాభై రికార్డులున్నాయనీ, అవేమిటో తాను కూడా చూడలేదనీ. తెలివైనవాడైతే ఆ ఉత్తరం చించి పారేస్తాడు. క్లిఫ్ మాత్రం వేసవిలో మోర్‌కామ్ సముద్రతీరానికి వెళ్ళడానికి దాచిన సొమ్మంతా ఆ పెట్టెకు పోశాడు. ఆ సెలవుల వారం అతని భార్య నోరీన్ సముద్రానికి బదులు వంటింటి కిటికీలోంచి వాన చూసింది.

పెట్టె వచ్చింది. క్రిస్మస్ పాటలు, పోలిష్ పెళ్ళి పాటలు, ఎవరో పాస్టరుగారి ప్రసంగం రెండు భాగాలు. నోరీన్ బంగాళాదుంపలు చెక్కుతూ ఒక్కో రికార్డుకూ ఒక్కో మాట అంటించింది. అట్టడుగున, కవరైనా లేకుండా, పసుపు లేబుల్‌తో ఒకటి దొరికింది. 'గుమ్మం దగ్గరే ఉన్నా', పాడినది వర్లీన్ గాడ్స్‌డెన్. ఎవరూ ఎన్నడూ వినని పేరు. సూది పెట్టాడు. రెండో చరణానికి నోరీన్ చేతిలో కత్తి ఆగిపోయింది.

"నక్క తోక తొక్కావయ్యా," అంది చివరికి. మోర్‌కామ్ సంగతి ఆ ఏడాది మరి ఎత్తలేదు.

ఆ తర్వాత క్లిఫ్ చేసినది ఈ రికార్డులు పోగుచేసేవాళ్ళ లోకంలో అందరూ చేసే పనే. దొరకని పాట దొరికితే దాని లేబుల్ మీద తెల్ల కాగితం అంటించి, లేని పేరొకటి రాస్తారు. అసలు పేరు తెలిస్తే పక్కవాడు మర్నాడే అమెరికాకు ఉత్తరం రాసి ఇంకో కాపీ తెప్పించుకుంటాడని భయం. క్లిఫ్ ఆ కాగితం మీద 'జోడీ క్రేన్' అని రాశాడు. అలా ఈ లోకంలో లేని జోడీ క్రేన్ మూడేళ్ళలో లాంకషైర్ అంతటా పేరు మోసింది. ఆ పాటకు ఆడడం కోసమే పక్క ఊళ్ళ నుంచి బస్సులు కట్టించుకుని డ్యాన్సు హాలుకు వచ్చేవాళ్ళు. ఆ పాట వల్లే, అంతకు ముందు గోడవారన నిలబడి చూసే క్లిఫ్, శనివారాలు ఆ హాలు వేదికెక్కి రికార్డులు వేసేవాడయ్యాడు. ఫ్యాక్టరీ ఫోర్‌మన్ సైతం అతన్ని "మిస్టర్ ఆర్మరాడ్" అనడం మొదలుపెట్టాడంటే చూసుకోండి.

డెబ్భై ఏడు ఫిబ్రవరి పంతొమ్మిదిన, సంగ్రాహకులు తమలో తాము పంచుకునే చిన్న పత్రిక పోస్టులో వచ్చింది. రొట్టె ముక్క మీద వెన్న రాసుకుంటూ క్లిఫ్ మూడో పేజీ తిప్పాడు. టొలీడో నుంచి డెనెటా అనే ఆవిడ రాసిన ఉత్తరం అది. మా అమ్మ వర్లీన్ గాడ్స్‌డెన్ అరవై ఆరులో ఒకే ఒక్క రికార్డు పాడింది. అది అమ్ముడుపోలేదు. ఇంట్లో ఉన్న కాపీలు వరద నీళ్ళలో పోయాయి. ఇప్పుడు ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సర్. వేసవి దాకా ఉండవచ్చని డాక్టర్లు అంటున్నారు. తన గొంతు ఒక్కసారి వినాలని ఉంది ఆమెకు. మీ దేశంలో ఇలాంటి పాటలు దాచుకుంటారని ఎవరో చెప్పారు. ఎవరి దగ్గరైనా ఉంటే క్యాసెట్ మీద ఎక్కించి పంపగలరా? కింద చిరునామా లేదు. క్యాసెట్ పత్రిక సంపాదకుడికి పంపితే చాలు, అతను చేరవేస్తాడని ఉంది.

ఆ సంపాదకుడు టాటర్సాల్. అక్కడే వచ్చింది చిక్కు. అవతలి ఊరి హాల్లో రికార్డులు వేసేది అతనే. జోడీ క్రేన్ ఎవరో కనిపెట్టాలని మూడేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నదీ అతనే.

నోరీన్ ఉత్తరం రెండుసార్లు చదివింది. "ఈవేళే పంపెయ్," అంది.

"టాటర్సాల్ చేతికా? వాడు ఒక్క చరణం వింటే చాలు, జోడీ క్రేన్ ఎవరో పట్టేస్తాడు. పేరు తెలిశాక టొలీడోలో ఇల్లిల్లూ గాలిస్తాడు."

"గాలించుకోనీ."

"అప్పుడు నేను మళ్ళీ గోడవారన నిలబడాలి, నోరీన్."

"గోడవారన నిలబడ్డవాణ్ణే నేను పెళ్ళి చేసుకున్నాను."

క్లిఫ్ మాట ఈస్టర్ మీదికి మళ్ళించాడు. ఈస్టర్‌కు హాలు వార్షికోత్సవం ఉందనీ, ఆ రోజు జోడీ క్రేన్ పాట తనే వేస్తానని పోస్టర్లలో కూడా అచ్చయిందనీ, అది అయిపోగానే అందరిముందూ గుట్టు విప్పేసి క్యాసెట్ పంపేస్తాననీ నచ్చజెప్పాడు. ఈస్టర్ ఎంత, ఏడు వారాలు. వేసవి దాకా ఉంటుందని వాళ్ళే రాశారుగా. ఇలా అంటున్నప్పుడు అతని గొంతులో, జాబితా మీద వేలు ఆపి "ఇది ఆడుతుంది" అన్నప్పటి ధీమాయే ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి ఆయుష్షు మీద కూడా వాడు అలాగే పందెం కాశాడు. చెడ్డవాడు కాడు క్లిఫ్. అందుకే నాకు మరీ ఒళ్ళు మండుతుంది.

క్యాసెట్ మాత్రం ఆ వారమే ఎక్కించాడు. ఎక్కించి కోటు జేబులో పెట్టుకున్నాడు. మార్చి సంచికలో టాటర్సాల్ ఆ ఉత్తరాన్ని మళ్ళీ వేసి, 'ఇంతవరకు ఒక్కరూ పలకలేదు, ఒకసారి మీ అటకలు వెతకండి' అని రాశాడు. క్లిఫ్ ఆ పేజీ మడిచేశాడు. నోరీన్ ఆ నెలంతా అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఈస్టర్ ఘనంగా జరిగింది. ఎనిమిది వందల మంది, నేల మీద జారడానికి చల్లుకున్న టాల్కం పౌడరు, పాట మొదలవగానే పైకప్పు ఎగిరిపోతుందేమోనన్నంత కేక. క్లిఫ్ అంత ఆనందం జన్మలో ఎరగడు, ఆ మాట దాచడం అనవసరం.

మంగళవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, టాటర్సాల్ ఉండే మాంసం కొట్టు మేడ మీదికి వెళ్ళాడు. క్యాసెట్ బల్ల మీద పెట్టి, జోడీ క్రేన్ ఎవరో చెప్పాడు. చేతులకు సిరా అంటించుకుని పత్రిక అచ్చు వేసుకుంటున్న టాటర్సాల్, మిషను ఆపాడు. తర్వాత సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చాడు. వచ్చే సంచికలో వేద్దామని ఉంచానన్నాడు.

అమ్మ మార్చి పద్నాలుగున పోయింది, అని రాసింది డెనెటా. ఆఖరి వారం రోజులూ ఇంగ్లండు నుంచి ఏమైనా వచ్చిందా అని అడుగుతూనే ఉంది. తర్వాత తనే, నా పాట ఎవరు దాచుకుంటారే, ఎప్పుడో పారేసి ఉంటారు, ఆ మంచివాళ్ళను ఇక శ్రమపెట్టకు అంది. వెతికిన పెద్దమనుషులందరికీ మా కృతజ్ఞతలు.

తిట్టించుకుంటేనన్నా బాగుండునని క్లిఫ్‌కు అనిపించింది. టాటర్సాల్ సిరా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "నేను నిన్నేమీ అనలేనురా క్లిఫ్," అన్నాడు. "నీ చోట నేనున్నా ఆ పనే చేసేవాణ్ణి." డెనెటా చిరునామా ఒక చీటీ మీద రాసి, క్యాసెట్‌తో పాటు తిరిగిచ్చాడు. అది వినిపించమని అడగనైనా లేదు.

ఇంటికొచ్చి చెబితే నోరీన్ ఒక్కటే అడిగింది. "ఏడు వారాలు ఆగుతావా అని ఆవిణ్ణి అడిగావా?"

తర్వాత బల్ల మీది కప్పులు తీసేసి, కాగితమూ కలమూ తెచ్చి అతని ముందు పెట్టింది. కూతురన్నా వినాలి, ఎనిమిది వందల మంది వాళ్ళమ్మ పాటకు ఆడారని ఆ అమ్మాయికైనా తెలియాలి అంది. క్లిఫ్ రాయడానికి కూర్చున్నాడు. మీ ఉత్తరం నేను ఈ మధ్యనే చూశానని మొదటి వాక్యం రాశాడు. నోరీన్ అతని భుజం మీదుగా వంగి చదివింది.

"అది కొట్టెయ్. చూసిన తారీఖు రాయి."

"రాస్తే నన్ను ఏమనుకుంటుంది?"

"తారీఖు రాయి, క్లిఫ్."

రాశాడు. ఫిబ్రవరి పంతొమ్మిది. ఆ ఒక్క ముక్క రాయడానికి అతనికి ఎంతసేపు పట్టిందో నోరీన్ అక్కడే నిలబడి చూసింది. చీకటి పడకముందే పోస్టాఫీసుకు తనే తోడు వెళ్ళి, క్యాసెట్‌తో పాటు ఆ ఉత్తరాన్ని రిజిస్టరు చేయించింది. అందినట్టు డెనెటా సంతకం చేసిన రసీదు మే నెలలో తిరిగొచ్చింది. దానితో ఉత్తరమేమీ లేదు.