కప్పు లేని గది

మొగుణ్ని మింగిన తీగను దాచిపెట్టిన చోట, పొద్దున సుక్కి పోయి చూసేసరికి, పచ్చి గొయ్యి తప్ప ఇంకేమీ లేదు.

గొయ్యిని చూసి, ఆ కాళ్లతోనే మరిపెడ దగ్గరి తండా నుంచి మానుకోటకు బస్సెక్కింది. కోర్టు రోడ్డులో ప్రదీప్ జిరాక్స్ సెంటర్ షట్టరు ఇంకా సగమే లేచింది. వంగి లోపలికి దూరి, నిన్న తన ఫిర్యాదు రాసిచ్చిన సుష్మిత ముందు నిలబడింది.

"ఆ తీగ యాడున్నదో నీకు దప్ప పిట్టకు గూడ చెప్పలె. జగపతి పటేలుకు ఎంతకమ్మినవు బిడ్డా?"

సుష్మిత చేతిలో చీపురు అట్లాగే ఆగిపోయింది. "ఏమైందక్కా?"

"తవ్వుకపోయిండ్రు. ఇంకేం గావాలె? ఫిర్యాదు ఇంక నా రైకలనే ఉన్నది, పోలీసోళ్ల చేతిల గూడ పడలె. తీగ మాత్రం పోయింది."

గోప్యా చనిపోయి నెల దాటింది. తన మిరపతోటలో, బోరు మోటారు స్టార్టరు డబ్బా పక్కన పడి ఉన్నాడు. షాకు కొట్టిందన్నారు. ఊరు నమ్మింది, డాక్టరు రాశాడు, సుక్కి ఒక్కతే నమ్మలేదు. స్టార్టరు ముట్టుకుంటే చెయ్యి కాలాలి. గోప్యాకు కాలింది కాలి పిక్క, అదీ కడియం తొడిగినట్టు చుట్టూరా. అడవిపందుల కోసం చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ కడితే, తెలియక నడిచిన మనిషికి కాలేది అక్కడే. గోప్యా తోటకు పోయే అడ్డదారిలో మక్కజొన్న చేను ఒక్కటే ఉంది. అది జగపతి పటేలుది.

ఎవరితోనూ అనలేదు సుక్కి. కూలికి పోయినట్టే పోయి అదే పటేలు పశువుల కొట్టం వెనక పెంట ఎత్తింది. మూడో నాడో నాలుగో నాడో చుట్టలు చుట్టిన ఇనుప తీగ పారకు తగిలింది. దాని ముడిలో ఆకుపచ్చ గళ్ల లుంగీ పీలిక, అంచు మాడి, ఇంకా అతుక్కునే ఉంది. ఆ లుంగీ ఆమె మరిపెడ సంతలో కొన్నదే. తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. తన చేతిలో కనిపిస్తే నువ్వే తెచ్చినవంటారు. పోలీసులు వచ్చి ఉన్నచోటే చూడాలి. మళ్లీ పెంట కప్పేసి మామూలుగా ఇంటికొచ్చింది.

నిన్న మధ్యాహ్నం అదంతా సుష్మితకు చెప్పి రాయించుకుంది. కాగితం పట్టుకొని ఎస్పీ ఆఫీసుకు పోతే, పెద్దసారు వరంగల్ మీటింగుకు పోయిండు, రేపు రమ్మన్నారు. ఆ ఒక్క రాత్రే సందు.

"అక్కా, నా బిడ్డ మీద ఒట్టు," అంది సుష్మిత. "నేను ఎవరికీ చెప్పలేదు."

"ఒట్లు పెట్టెటోళ్లను శానామందిని జూసిన."

అప్పుడే లోపలికొచ్చిన ప్రదీప్ మాటలన్నీ విన్నాడు. దుకాణం అతనిది, పేరు పోతే పోయేదీ అతనిదే. "ఏందమ్మా గిది పొద్దుపొద్దున్నే! మా దగ్గర గుట్టు బయటికి పోవుడే లేదు. దాని కోసమే గీ గది కట్టిచ్చిన. ఏడువేలైంది."

ఆ గది వెనక ఒక కథ ఉంది. పదకొండేళ్లు కీబోర్డు కొట్టీ కొట్టీ సుష్మిత వేళ్లు మొద్దుబారాయి. అన్నం ముద్ద పట్టుకున్నా జారిపోయేది. హన్మకొండ డాక్టరు టైపింగ్ మానేయమన్నాడు. మానేస్తే ఇల్లు గడవదు. ప్రదీప్ ఒక మైకు కొన్నాడు. నువ్వు మాట్లాడు, కంప్యూటరే రాసుకుంటది అన్నాడు. నిజంగానే రాసింది. గంట పట్టే ఫిర్యాదు పావుగంటలో అయిపోతుంటే జనం ఎగబడ్డారు. రోడ్డు చప్పుడు మైకులో పడకుండా మూలన చెక్కలతో చిన్న గది చేయించాడు. అందులో రెండు కుర్చీలు, మూసుకోవడానికి తలుపు. తలుపు బయట గోడకానుకొని ఒక బల్ల.

అయితే ఆ కంప్యూటరుకు తండా మాట ఎక్కదు, మానుకోట మాటా ఎక్కదు. టీవీలో వార్తలు చదివినట్టు చదివితేనే రాస్తుంది. అందుకని సుక్కి గుసగుసగా చెప్పింది. సుష్మిత దాన్ని పుస్తకం భాషలోకి తిప్పి, గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి పలికింది. 'పశువుల కొట్టం వెనుక, పెంటకుప్పకు తూర్పు వైపున, ఇనుప తీగను పాతిపెట్టి ఉంచినారు.'

"తలుపు మూసే ఉండె గదా?" అన్నాడు ప్రదీప్.

"మూసే ఉండె," అంది సుష్మిత. ఆమె కళ్లు పైకి పోయాయి. గదికి నాలుగు గోడలున్నాయి, కప్పు లేదు. దుకాణం ఫ్యాను గాలి లోపలికి రావాలని ప్రదీపే గోడల్ని మనిషెత్తుకు ఆపించాడు. "అన్నా, నువ్వు లోపలికి పోయి మైకుల ఏమన్న చదువు. తలుపేసుకో."

"ఏం సదవాలె?"

"ఏదైతేంది? పెళ్లి పత్రిక చదువు."

ప్రదీప్ లోపలికి పోయాడు. సుష్మిత బల్ల మీద కూర్చుంది. 'చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి' దగ్గర మొదలుపెట్టి 'విందు: మధ్యాహ్నం, మాంసాహారం' దాకా, అక్షరం పొల్లుపోకుండా నెత్తి మీద కుమ్మరించినట్టు వినిపించింది. చెక్క గోడలు మాటను ఆపలేదు సరికదా, బావిలో గిలకలాగ పైకి తోడి బయట పోశాయి.

ఆర్నెల్ల నుంచి ఎన్ని ఫిర్యాదులు చదివింది! ఎంతమంది ఆడవాళ్ల గోడు! లోపల తలుపేసుకొని ధైర్యంగా, ఊరంతటికీ దండోరా వేసినట్టు.

"నేనే చెప్పినక్కా," అంది సుక్కితో. "అమ్మలేదు. కానీ నా నోటితోనే బయటికి పోయింది."

సుక్కి కింద కూలబడింది.

"నిన్న గీ బల్ల మీద ఎవరున్నరన్నా?" అని అడిగింది సుష్మిత.

"ఎవలుంటరు? మన సమ్మయ్య తాత. రోజూ ఉండెటోడే గదా," అన్నాడు బయటికొచ్చిన ప్రదీప్. ఆ మాట అని తనే నాలుక కరుచుకున్నాడు.

సమ్మయ్య ఒకప్పుడు కోర్టు ముందు టైపు మిషను పెట్టుకున్న మనిషి. కంప్యూటర్లొచ్చి అతని గిరాకీ తిన్నాయి. అయినా అలవాటు చావక రోజూ వచ్చి ఈ బల్ల మీద కూర్చుంటాడు, సుష్మిత మైకులో మాట్లాడుతుంటే ఎగతాళి చేస్తాడు. కడుపు మండినవాడే. పైగా జగపతి పటేలు పాత కేసుల కాగితాలన్నీ టైపు కొట్టింది ఆయనే.

ముసలాయన చాయ్ గ్లాసుతో రావడం, సుష్మిత ఎదురుపోవడం ఒక్కసారే జరిగాయి.

"తాతా, నిన్న గీ అక్క ఫిర్యాదు ఇన్నవా?"

"ఇన్న. నాకు చెవుడు లేదు గదా."

"పటేలుకు చెప్పినవా?"

సమ్మయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు. మొహం నల్లబడింది. "అదా సంగతి! ఇగో పిల్లా, అన్నదమ్ములిద్దరు ఒక్కనాడే నా దగ్గరికొచ్చి ఒకని మీద ఒకడు దావా రాయించుకున్నరు. పొద్దుగాల పెద్దోడు, మాపటికి చిన్నోడు. ఒకనిది ఒకనికి తెల్వలె. నా మిషను టకటకమని బజారంత ఇనబడేది, మాట మాత్రం కాయితం దాటలె. నువ్వు జూడు, మైకు వట్టుకొని వార్తలు సదువుతున్నవ్. నన్ను దొంగ అంటున్నవ్."

"మరి ఇంకెవరున్నరు తాతా? నువ్వొక్కనివే గదా!"

"నేనొక్కణ్నే ఎట్లయిత? ఈమె తోలుకొచ్చిన పిలగాడు లేడా? నా పక్కకే కూసున్నడు. బీడీ ఇస్త తాగుమంటె గూడ పలకలె. నువ్వు లోపల పెంటకుప్ప, తూర్పు వైపు అనంగనే లేసిండు. బండి కిక్కు గొట్టిండు, పోయిండు. మొగం జూస్తె పాము గరిచినట్టున్నది. వదినె గోస ఇనలేక పోతున్నడేమో అనుకున్న."

సుక్కి చటుక్కున తలెత్తింది. "మా హీర్యా గాడా? ఏం మాట్లాడుతున్నవ్ పెద్దయ్యా! వాడు నా మరిది. గోప్యాకు సొంత తమ్ముడు. మా అత్త సచ్చిపోతే ముక్కు తుడిసి పెంచిన, నా కొడుకసొంటోడు."

"మరి ఆయనతోటి గూడ తీగ సంగతి చెప్పలేదా అక్కా?" అంది సుష్మిత మెల్లగా.

"పటేలు దగ్గర పనిజేస్తడు గదా, వాని నెత్తి మీదికి ఎందుకు దేవాలె అనుకున్న. రైతు బీమా కాయితాలకని చెప్పి తోలుకొచ్చిన."

"నిన్న ఇంటికి ఎట్ల పోయినవ్?"

"బస్సుల. బండి పంచరైందని ఫోన్ చేసిండు." సుక్కి కొంగు ముడి విప్పి, చిన్న ఫోను తీసి హీర్యాను రమ్మంది. "వస్తడు. మీరే అడుగుండ్రి. అడిగినంక వాని కాళ్లు మొక్కుతరు."

హీర్యా వచ్చేదాకా దుకాణంలో ఎవరూ పని చేయలేదు. కుల ధ్రువపత్రం జిరాక్స్ కావాలని వచ్చిన పిల్లను ప్రదీప్ పక్క దుకాణానికి పంపేశాడు.

హీర్యా పాతికేళ్లవాడు. బండి ఆపి, లోపలికొచ్చి, వదినె కింద కూర్చొని ఉండడం చూశాడు. "ఏమైంది వదినె? బీమా కాయితాలు అయితలేవా?"

"కూసో తమ్మీ," అంది సుష్మిత. "నిన్న బండి పంచరైందట గదా. యాడ ఏయించినవ్?"

"మరిపెడల అక్కా. బస్టాండు కాడ."

"పంచరైన బండి మీద మరిపెడ దాంక పోయినవా?"

మానుకోట నుంచి మరిపెడకు బస్సులోనే గంట. ప్రదీప్‌కు ఎందుకో నవ్వొచ్చి, అంతలోనే భయమేసి, దగ్గుతున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

"హీర్యా," అంది సుక్కి. లంబాడీలో ఏదో అడిగింది, చాలా చిన్న ప్రశ్న. ఆమె లేచి దగ్గరికొచ్చి గడ్డం పట్టుకొని మొహం తన వైపు తిప్పుకుంది. మళ్లీ అదే అడిగింది. ఈసారి అతను అవునన్నట్టు తలూపాడు.

"పటేలు భయపెట్టిండా? పైసలిచ్చిండా? చెప్పురా," అంది తెలుగులో, అందరికీ వినపడేట్టు. మరిదిని తప్పించే దారి ఇంకా వెతుకుతోంది.

"లేదు వదినె. పైసలు గాదు." హీర్యా ఆమె చెయ్యి తీసేసి సుష్మిత వైపు చూశాడు. "రాయి అక్కా. నిన్న రాసినట్టే రాయి."

సుష్మిత గదిలోకి పోయింది. అలవాటుగా తలుపు వేయబోయి, సిగ్గేసి బార్లా తెరిచే ఉంచింది. కుర్చీలో కూర్చొని మైకు దగ్గరికి లాక్కుంది. అంతలోనే మనసు మార్చుకుంది. మైకును అతని వైపు తిప్పింది. "నీ మాటల్లనే చెప్పు. తప్పులు పడితే నేను తర్వాత దిద్దుకుంట."

సమ్మయ్య తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. సుక్కి ఉన్నచోటనే ఉంది. హీర్యా లోపలికి పోయి మైకులోకి వంగాడు.

"నేను బానోతు హీర్యా. సచ్చిపోయిన గోప్యా తమ్ముణ్ని. పటేలు మక్క చేనుకు తీగ కట్టింది నేనే. పందులు తొక్కుతున్నయ్, కట్టరా అన్నడు. స్తంభం మీది పెద్ద వైరుకు కొక్కెం తగిలిచ్చింది గూడ నేనే. ఎవలికీ చెప్పకు, తెలిస్తె కేసైతదన్నడు. ఆ మాపు అన్నా నేను పక్కపక్కకే కూసోని తిన్నం. వదినె వడ్డించింది. పొద్దుగాలనే మిర్పతోటకు నీళ్లు పెట్టాలె అన్నడు అన్న. అడ్డదారిన పోకు అని చెప్పాల్నని నోటి దాంక వచ్చింది. ఎందుకంటడు, ఏం చెప్పాలె అనుకున్న. రోడ్డు మీది నుంచే పోతడులే అనుకున్న. చెప్పలె. తెల్లారకముందే పోయి కొక్కెం తీద్దామనుకున్న, నిద్రవట్టింది. నేను పోయేసరికి పడున్నడు. పటేలుకు ఫోన్ జేసిన, దవాఖానకు తీస్కపోదాం రమ్మన్న. వచ్చి చూసి, ఇగ ఏం లాభంలేదు, తీగ కట్టింది నువ్వు, జైలుకు పోయేది నువ్వు అన్నడు. మా అన్నను నేనే భుజాన ఏసుకొని మోటరు కాడ పండవెట్టిన. తీగ నేనే పాతిన. లుంగీ పీలిక నేను జూడలె, చీకట్ల కనబడలె. నిన్న బల్ల మీద కూసుంటే అక్క గొంతు ఇనొచ్చింది, తీగ ఏ దిక్కున్నదో గూడ చెప్తున్నది. పోయి తీసిన. నా దగ్గర పెట్టుకోబుద్ధి గాలె, తీస్కపోయి పటేలుకు ఇచ్చిన. ఆయన ఏం జేసిండో నాకు తెల్వది. కట్టుమన్నది పటేలు. గది గూడ రాయి అక్కా. రాసినా ఏం గాదని తెలుసు. తీగ చేతికి తీస్కున్నంక నవ్విండు. ఇగ నువ్వేం చెప్పినా నీ మాట ఎవడు నమ్ముతడురా అన్నడు."