దుర్గకిచ్చిన కుర్చీ

ఆ కుర్చీ నాకు రావాల్సింది. ఇప్పటికీ అదే అంటాను.

నరసరావుపేటలో మా ఇంద్రజను చూపించే పిల్లల ఆసుపత్రిలో, షుగర్ ఉన్న పిల్లల గురించి రెండేళ్ల పరిశోధన మొదలుపెట్టారు. పదేళ్ల పిల్లకు షుగరేంటని అడక్కండి, వచ్చింది, రోజుకు నాలుగు ఇంజెక్షన్లు. తల్లిదండ్రులను ఏం అడగాలో, ఎలా అడగాలో డాక్టర్లతో కూర్చుని తేల్చడానికి తల్లుల్లోంచి ఒకరిని తీసుకుంటామని డాక్టరమ్మ చెప్పింది. నేను బీకాం చదివాను. ఇంద్రజ ఏ పూట ఎన్ని ఇడ్లీలు తిన్నదో, మీటరు ఎంత చూపించిందో రాసిన నోటుబుక్కులు మూడున్నాయి. మా గురజాల వైపు నుంచి వెళ్లేవాళ్లలో డాక్టరమ్మతో ఇంగ్లీషులో మాట్లాడేది నేనొక్కదాన్నే. ఇంకెవరిని తీసుకుంటారు?

దుర్గను తీసుకున్నారు.

దుర్గ భర్త దాచేపల్లి దగ్గర రాళ్ల క్వారీలో పనిచేస్తాడు. ఆమె కూతురు నందినిది మా ఇంద్రజ ఈడే, అదే జబ్బు. వాళ్లింట్లో ఫ్రిజ్ లేదు. పెద్ద కుండలో తడి ఇసక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, అందులో ఇన్సులిన్ దాచుకుంటారు. అయినా ఆ పిల్ల బుగ్గలు నిండుగా ఉంటాయి. నా కూతురేమో రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది. డాక్టరమ్మ రెండుసార్లు డోసు పెంచినా షుగర్ మూడొందల యాభై దిగలేదు. నందిని రీడింగు నూట నలభై అని నర్సు పైకి చదివినప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది. అవును, పసిపిల్లను చూసి కుళ్లుకున్నాను. దాచుకోను.

ఎవరిని తీసుకోవాలో తేల్చేముందు మమ్మల్నందరినీ ఒకరోజు కూర్చోబెట్టి, ప్రశ్నల కాగితాలిచ్చి మాట్లాడించారు. అన్నీ తిండి గురించి, డోసు గురించి. నేను ఇంగ్లీషు తప్పులు రెండు చూపించాను. ఇంగ్లీషు రాని దుర్గ కూతురి చేత కాగితం తెలుగులో చెప్పించుకుని, "మందు యాడ పెడతన్నారో అడగలేదేందమ్మా? అడిగినా అందరం మంచి చోటే పెట్టామంటాం. ఇంటికి పోయి కళ్లతో చూడాల," అంది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసి, ఇది మాకు తట్టనే లేదంది. అంతే, దుర్గకు ఆమె పక్కన కుర్చీ వేశారు. ఫ్రిజ్ లేనివాళ్లకు ఫ్రిజ్ ఉన్నవాళ్ల మీద అనుమానమేగా, అని పక్కనామె చెవిలో అన్నాను.

మే నెలాఖరులో మిట్టమధ్యాహ్నం, మెడలో ఆసుపత్రి కార్డు వేసుకుని ఆ దుర్గే మా ఇంటికి వచ్చింది. డాక్టర్లకంటే ముందు ఒక తల్లే ఇల్లు చూసి రావాలన్నది కూడా ఆమె పెట్టిన పద్ధతేనట. కుర్చీ వేశాను, మజ్జిగ ఇచ్చాను. మర్యాదకు లోటు చెయ్యలేదు. ఆమె తెచ్చిన తెలుగు కాగితంలో రెండు గళ్లున్నాయి. ఒకటి ఇంటివాళ్లు చెప్పింది, రెండోది తాను చూసింది.

"మందు యాడ పెడతన్నారక్కా?"

"ఫ్రిజ్‌లో. రాసుకో."

"రాశానక్కా. ఒక్కసారి చూడొచ్చా?"

"ఏం, నా మాట మీద నమ్మకం లేదా?"

"నమ్మకం కాదు. రెండో గడిలో నేను చూసిందే రాయాల."

"నా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసే అధికారం కూడా ఆ కార్డే ఇచ్చిందా నీకు?"

దుర్గ మంచం మీద పడుకున్న ఇంద్రజను చూసి, "పాప చానా చిక్కింది," అంది. నీ కూతురిలా లేదని చెప్పడానికి వచ్చావా అన్నాను. ఆమె రెండో గడి ఖాళీగానే ఉంచి కాగితం మడిచింది.

అప్పుడు ఇంద్రజే లేచింది. "పైదాంట్లో ఉంది ఆంటీ, ఐసు పక్కన. కరెంటు పోయినా చల్లగా ఉంటదని అమ్మ పెట్టింది," అంటూ వెళ్లి తలుపు తీసేసింది.

మార్చి ఆఖరు నుంచి మా వీధిలో పూటకు రెండు గంటలు కరెంటు పోతోంది. కింద అరలో ఉంటే మందు వెచ్చబడుతుందని ఐసు దగ్గరికి మార్చింది నేనే. వాడేముందు తీసి కరగనిచ్చేదాన్ని. తెలివైన పనే చేశాననుకున్నాను. అలా పెట్టొద్దని ఆసుపత్రిలో చెప్పే ఉంటారు. చదువుకున్నదాన్ని, నాకు తెలియనిదేముందిలే అని విని ఉండను.

దుర్గ సీసాను వెలుగుకు పెట్టి చూసింది. "గడ్డకట్టిందక్కా. ఇంక కరిగినా పన్జెయ్యదు. పాపకు ఇన్నాళ్లూ నీళ్లే పొడిచావు. పోయినేడు నేనూ మందు చెడిపోద్దని పాలబూతు ఐసుపెట్టెలో దాపించా. ఇట్టాగే అయింది. మా నందిని మూడు రోజులు కళ్లు తెరవలా. అందుకే ఆ ప్రశ్న పెట్టమన్నా."

చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆ మాట విన్నాక నాకు ముందు భయం వెయ్యలేదు. ఇదీ ఆమే కనిపెట్టిందే అని కుళ్లు పుట్టింది. ఇంద్రజ గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాక గాని భయం వెయ్యలేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేసింది దుర్గ. గురజాలలో సెలైన్ ఎక్కించి, అంబులెన్సులో నరసరావుపేట తీసుకెళ్లాం. దారంతా ఇంద్రజ తల దుర్గ ఒళ్లోనే ఉంది. నేను కాళ్లు పట్టుకుని కూర్చున్నాను.

మూడో రోజు ఇంద్రజ లేచి కూర్చుని గోంగూర పచ్చడి అడిగింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఇంకెన్ని ఇళ్లలో ఇలా జరుగుతోందో. దుర్గ గారు అన్ని ఇళ్లూ తిరిగేదాకా ఆగలేం. మంగళవారం అందర్నీ పిలుస్తున్నాం. మీరొచ్చి మీకు జరిగింది చెబుతారా? ఆమె పక్కనే మీకూ కుర్చీ వేస్తాం."

నేను కోరుకున్న కుర్చీ. అందులో కూర్చోవాలంటే నా బిడ్డ మందును నా చేత్తో పాడుచేశానని నలుగురిలో చెప్పాలి. నెలంతా నేను కుళ్లుకున్నది, నందిని మూడు రోజులు కళ్లు తెరవకపోతే దుర్గకు వచ్చిన కుర్చీ చూసి.

"నీకిష్టముంటేనే అక్కా," అంది దుర్గ. "డాక్టరమ్మకు మొదటిసారి చెప్పినప్పుడు నాకు మాట రాలా, ఏడుపే వచ్చింది."

"చెబుతా. కానీ నేను చెప్పేటప్పుడు నువ్వు బయటికి పో. నువ్వు వింటుంటే నావల్ల కాదు," అన్నాను. సరేనక్కా అంది.

మంగళవారం నేను లేవగానే దుర్గ నిజంగానే బయటికి వెళ్లిపోయింది. "మా పాప మందు నేనే పాడుచేశాను," అని మొదలుపెట్టి అంతా చెప్పాను. ఒక్క దుర్గ పేరు తప్ప. వెనక వరసలో అబ్రహాము అనే లారీ డ్రైవరు లేచి నిలబడ్డాడు. "మా పిల్లదానిదీ ఐసులోనే ఉందమ్మా. పిల్ల ఇంటికాడ పొద్దుట్నుంచీ లేవకుండా పడుకునే ఉంది," అని ఏడ్చేశాడు. డాక్టరమ్మ అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది. "అది వచ్చేదాకా నేనేం చెయ్యాలమ్మా?" అని ఆయన నన్ను అడిగాడు.

నేనే వాకిలి దాకా పరుగెత్తాను.

"దుర్గా, లోపలికి రా! నాకు ఇంతే తెలుసు, మిగతాది నువ్వే చెప్పాలి," అన్నాను, అందరికీ వినబడేట్టు.