మూలకు పరిగెత్తే గుర్రం

అల్లుడి చదరంగం ప్రోగ్రాం ఇరకాటంలో పడగానే గుర్రాన్ని బోర్డు మూలకు లాక్కుంది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ప్రోగ్రాముల పోటీ చూస్తున్న మామగారికి ఒళ్ళు మండిపోయింది. చదరంగం నిన్నగాక మొన్న నేర్చుకున్నవాడు కూడా అలా తోయడు. తోసేది లోకంలో ఒక్కటే, పాతికేళ్ళుగా ఆయన స్వయంగా రాసుకుంటూ వచ్చిన ప్రోగ్రాం. గుర్రానికి ఏ గడి మంచిదో చెప్పే చోట ఎప్పుడో రెండు అంకెలు తారుమారుగా వేశాడు. తప్పు తెలిసేసరికి దానికి మంచి పేరొచ్చేసింది, దిద్దడానికి చెయ్యి రాలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

మరి అల్లుడికెలా తెలిసింది? మొన్నామధ్య కంప్యూటర్ బాగుచేస్తానంటూ పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి ఆయన గదిలో ఒక పూటంతా తిష్ఠ వేశాడు కదా! టీ కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. ఎంత బుద్ధిమంతుడో అని అప్పుడు మురిసిపోయినందుకు ఇప్పుడు తనమీద తనకే రోత పుట్టింది. మరో ఆలోచన లేకుండా, నా ప్రోగ్రాం కాపీ కొట్టారని పోటీ నిర్వాహకులకు ఫిర్యాదు పంపేశాడు. రుజువైతే అల్లుడికి ఇక ఏ పోటీలోనూ చోటుండదు. పోనీ, బాగా అయింది అనుకున్నాడు.

సాయంత్రం కూతురింటికి వెళ్ళాడు. కబురు అప్పటికే అందినట్టుంది, కూతురు ముఖం మాడ్చుకునే తలుపు తీసింది.

"ముందు ఆయన్నే అడగొచ్చు కదా నాన్నా?"

"దొంగని అడిగి పట్టుకుంటారటమ్మా?"

అల్లుడు లాప్‌టాప్ ఆయనవైపు తిప్పాడు. తెరనిండా అంకెలు. ఎంత కిందికి జరిపినా అంకెలే.

"ఎలా ఆడాలో ఇందులో ఎక్కడ రాశారండీ అల్లుడుగారూ?" కోపమొస్తే ఆయనకు మర్యాద ఎక్కువవుతుంది.

"నేనేం రాయలేదు మామయ్యా. ఇప్పుడెవరూ అలా రాయట్లేదు. ఆటలు చూపిస్తే అదే నేర్చుకుంటుంది. మీ ప్రోగ్రాం ఆడిన ఆటలు మీరే నెట్‌లో అందరికీ పెట్టారు కదా, లక్షల్లో ఉన్నాయి. అవన్నీ చూపించాను. గుర్రాన్ని మూలకెందుకు తోస్తుందో మాత్రం నాకూ అర్థం కావట్లేదు. మీకేమైనా తెలుసా?"

ఆయనకు తెలుసు. తన కష్టమంతా, పొరపాటుతో సహా, తను రాసిన ముక్క ఒక్కటీ లేకుండానే అక్కడ ఉంది. దాన్ని దొంగతనమనాలో శిష్యరికమనాలో తేలక ఏడుపొచ్చినంత పనైంది.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాలే," అన్నాడు చివరికి.

"వద్దు మామయ్యా. వాళ్ళని చూడనివ్వండి. లేకపోతే మీకు అనుమానం పోదు."

"అదేం మాటయ్యా! ఎప్పుడో పోయింది," అన్నాడాయన. అంటూనే ఆయన చూపు బల్లమీదున్న పెన్‌డ్రైవ్ మీద ఆగింది. ఆ చూపును కూతురు చూసింది.