మందు కాని గోలీ

నేను ఒక నొప్పుల గోలీని. పేరు అడక్కండి. ఉండేది, కత్తెర పాలైంది. ఆ సంగతి తర్వాత చెబుతాను గానీ, ముందు నా భయం చెప్పుకోనివ్వండి. నన్ను నమ్మి కొనుక్కున్న మనిషికి నా వల్లే కీడు జరుగుతుందని తెలిసి, నోరు విప్పే దారి లేక పుట్టెడు భయంతో బతికాను. గోలీకి భయమేమిటని నవ్వకండి. మింగేవాళ్ళకు లేనప్పుడు ఎవరో ఒకరు భయపడాలి కదా!

నేను పుట్టిన ఫ్యాక్టరీలో గోడకు దేశపటం ఒకటి వేలాడేది. ఏ జిల్లాలో డాక్టర్లు మమ్మల్ని ఎక్కువగా రాస్తారో ఆ జిల్లాకు అంత ముదురు ఎరుపు. కొండల్లో చలి నొప్పులకూ, సముద్రం ఒడ్డున చేపల గంపలు మోసే నడుములకూ, పట్నాల్లో కంప్యూటర్ల ముందు బిగుసుకున్న మెడలకూ, అంతటా మమ్మల్నే రాస్తారట. మేనేజరు ఆ పటం ముందు నిలబడి, "ఈ మూల ఇంకా తెల్లగా ఉందేంటయ్యా?" అని దిగులుపడేవాడు. అక్కడి జనానికి నొప్పులు లేవేమో అన్న ఆలోచన మాత్రం ఆ మహానుభావుడికి రాలేదు.

డబ్బాలో మాతోపాటు ఒక మడత కాగితం పెట్టారు. చీమ కాళ్ళంత అక్షరాలు. రోజూ వాడితే మూత్రపిండాలు చెడిపోతాయని అందులో రాసి ఉంది. అమ్మో, నేను ఇంత పాపిష్టిదాన్నా అని హడలిపోయాను. పోనీలే, ఎవరో ఒకరు చదువుతారు కదా అని సర్దిచెప్పుకున్నాను. జగిత్యాల వైపు ఒక బీడీల ఊళ్ళో మందుల దుకాణంవాడు డబ్బా విప్పి, ఆ కాగితాన్ని పుల్లలా చుట్టి చెవిలో తిప్పుకుని పారేశాడు.

అక్కడికే వచ్చింది సత్తెవ్వ. చిన్నప్పటి నుంచీ ఒళ్ళో చేట పెట్టుకుని, వంగి బీడీలు చుట్టీ చుట్టీ మెడ, వేళ్ళు, మోకాళ్ళు అన్నీ పట్టేసిన మనిషి. "సెట్టు ఇయ్యన్నా" అంది. సెట్టు అంటే నేనూ, కడుపుమంటకు ఒకటీ, బలానికని ఒక ఎర్రదీ. దుకాణంవాడు కత్తెరతో గోలీల పట్టీలు కచకచా కత్తిరించాడు. నా పేరూ, డాక్టరు రాయనిదే అమ్మొద్దని చెప్పే ఎర్ర గీతా, జాగ్రత్త అన్న మాటా అన్నీ అవతలి ముక్కలో ఉండిపోయాయి. నేను ఊరూ పేరూ లేనిదాన్నై ఆమె నడుము సంచిలోకి వెళ్ళాను.

అప్పుడు చూశాను ఆమె కాళ్ళు. పాదాలు పొంగి మెట్టెలు వేళ్ళలో దిగబడిపోయాయి. కళ్ళ కింద ఉబ్బు. ఏళ్ళ తరబడి రోజూ గోలీ పడనిదే చేట పట్టని మనిషి! ఇది మూత్రపిండాలు దెబ్బతిని వచ్చిన వాపనీ, మా వాళ్ళ పనేననీ నాకు తెలిసిపోయింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఈ తల్లి బతకదు.

కోడలు అనసూర్య కూడా ఆ వాపు చూసి కంగారుపడి అత్తను టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సంచిలో నేనూ ఉన్నాను. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

వరండా నిండా జనం. డాక్టరు తల ఎత్తకుండానే అడిగాడు. "మందులేమైనా వాడుతున్నావామ్మా?"

"మందులేం లేవు సారూ. బీపీ లేదు, షుగరు లేదు. ఒళ్ళునొప్పులే పానం తీస్తున్నయ్."

అయ్యో సత్తెవ్వా! నేనున్నానని చెప్పవే! సంచిలోనే గిలగిలలాడాను. ఆమె అబద్ధమాడలేదు. ఆమె లెక్కలో మందంటే రోగానికి వేసుకునేది. నేను మందును కాను, గోలీని. డాక్టరేమో మందుల గురించే అడిగాడు, గోలీల గురించి అడగలేదు.

"రోజంతా కూర్చుంటే కాళ్ళు వాయవా మరి" అంటూ ఆయన నొప్పులకు ఒక పచ్చ బిళ్ళ రాశాడు. ఇంటికి తెచ్చాక చూస్తే ఇంకేముంది, అది నా తోడబుట్టినదే. రంగు వేరు, పేరు వేరు, సరుకు ఒక్కటే. ఒకరికొకరం దొరికిపోయి ఇద్దరం బిక్కచచ్చిపోయాం.

సత్తెవ్వ మమ్మల్నిద్దర్నీ అరచేతిలో వేసుకుంది.

"రెండూ మింగుతవా అత్తా?" అనసూర్య చెంబు ఇవ్వకుండా పట్టుకుంది. "సారుకు గోలీ సంగతి చెప్పనే లేకపోతివి."

"గోలీ గూడ చెప్పుడేందే? చాయ్ తాగుతున్నని గూడ చెప్పాల్నా? ఇది మందు, అది గోలీ. దేనిది దానికే."

అనసూర్య చెంబును ఇంకా వదల్లేదు. ఇవ్వకు తల్లీ, ఇవ్వకు అని మొత్తుకున్నాను. కానీ పెద్దావిడ మాట, పైగా డాక్టరు రాసిన బిళ్ళ. చెంబు ఇచ్చేసింది.

కరిగిపోయాం. నా పని నేను చేయకుండా ఉండలేను కదా. కాసేపటికి ఆమె మెడ వదులైంది, వేళ్ళు ఆడాయి. "సారు మందు మస్తుగున్నది బిడ్డా" అని చేట ఒళ్ళోకి లాక్కుని ఆకు అందుకుంది. నేను నెత్తుటిలో పడి కిందికి, ఇంకా కిందికి కొట్టుకుపోతున్నాను. ఎక్కడికో నాకు తెలుసు. చెడిపోతున్నా మూత్రపిండాలు నొప్పి పెట్టవు. పెట్టినా, ఆమె వెతుక్కునేది నన్నే.