నవ్వకండి, గడ్డం దించండి

"తొందరగా తేల్చు బాబాయ్, మూడింటికి మా అక్కకి ఆపరేషన్," అన్నాను.

లెన్సులమ్మే బాబాయి నిమ్మకు నీరెత్తినట్టు రెండింటిని తెచ్చి గుడ్డ మీద పెట్టాడు. రెండూ మొహాలు తీసే ఎనభై అయిదు ఎం.ఎం. లెన్సులే. ఒకటి ఎఫ్ 1.2, అరచేతి నిండా గాజు. రెండోది 1.8, బరువు సగం.

అక్కకి ఎడమ చెవి కింద గడ్డ. అది తీసేటప్పుడు నరం పోవచ్చని, పోతే ఆ వైపు నవ్వు మళ్ళీ రాదని డాక్టరు మొన్న చెప్పేశాడు. అక్క ఏడవలేదు. "నా నవ్వు ఒకటి తీసిపెట్టరా," అంది. కానీ ఆమెకి పార్శ్వపు నొప్పి, వెలుతురు పడితే తల పగిలిపోతుంది. ఆసుపత్రి గదిలో ఎప్పుడూ తెరలు వేసే ఉంటాయి, ఫ్లాష్ మాటే ఎత్తకూడదు. నా పాత జూముతో నిన్న తీసినవన్నీ అలికేసినట్టు వచ్చాయి. ఇరవై ఏళ్ళుగా పాస్‌పోర్ట్ ఫోటోలు తీసేవాణ్ణి, రెండు పెద్ద లైట్ల మధ్య మనిషిని స్టూలెక్కించడం తప్ప ఏం వచ్చు నా మొహం!

"చీకట్లో 1.2ని మించింది లేదు, ఉన్న వెలుతురంతా లాగేస్తుంది," అన్నాడు బాబాయి.

అది బిగించి ఆయన్నే తీశాను. పెద్దది చేసి చూస్తే కుడికన్ను రెప్పవెంట్రుకలతో సహా ఉంది. ఎడమకన్ను మసక, పెదవులూ మసకే.

"లెన్సు రంధ్రం కాస్త మూసి తీసుకో, అన్నీ తేటగా వస్తాయి."

"మూస్తే దానికీ దీనికీ తేడా ఏముంది? నాకు పెదవులు కావాలి బాబాయ్. 1.8 ఇచ్చెయ్. తేలిక కూడా, చెయ్యి వణకదు."

బాబాయి దాన్నే గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

నేను వెళ్ళేసరికి రెండున్నర. బావ తెరని వేలెడంత పక్కకి లాగి పట్టుకున్నాడు. అక్క జుట్టు సర్దుకుని, నా వైపు తిరిగి నవ్వింది. నేను కంటి మీద ఫోకస్ పెట్టాను. ఇరవై ఏళ్ళ అలవాటు, నా నోరు దాని పని అది చేసేసింది.

"నవ్వకండి. గడ్డం కాస్త దించండి. ఇటు చూడండి."

ఆరు తీశాను. ఇంతలో తలుపు తోసుకుని నర్సు స్ట్రెచర్ తెచ్చింది. ముందే పిలిచారట. అక్కని పడుకోబెడుతుంటే స్క్రీన్ చూసుకున్నాను. అద్దంలా వచ్చాయి, ఆరూ పాస్‌పోర్ట్ ఫోటోలే!

"నవ్వలేదేంటక్కా!" అని అరిచాను.

"నువ్వే కదరా వద్దన్నావు."

నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. స్ట్రెచర్ కదిలింది. వరండాలో దానికి ఎదురుగా, వెనక్కి నడుస్తూ బతిమాలాను. "అక్కా, ఒక్కసారి నవ్వవే, ఒక్కటే!"

"ఇప్పుడెలా వస్తుందిరా? భయమేస్తోంది," అంది. పెదవులు వణికాయి. వెనక తలుపులు నాలుగడుగుల్లో ఉన్నాయి.

స్ట్రెచర్ పక్కనే నడుస్తున్న బావ అక్క వైపు వంగాడు. "ఏమైనా అను, పుట్టి బుద్ధెరిగాక నీ తమ్ముడు నిన్ను మర్యాదగా పిలిచింది ఇవాళే."

అక్క ఫక్కున నవ్వింది. నొక్కాను. తలుపులు మూసుకున్నాయి.

అయిదో రోజు కట్టు విప్పారు. ఎడమవైపు కదల్లేదు. అక్క అద్దం అడగలేదు, ఫోటో అడిగింది. అందులో దుప్పటి చెదిరినట్టుంది, దిండు మసక. రెండు కళ్ళూ, నవ్వుతున్న పెదవులూ మాత్రం తేటగా ఉన్నాయి. ఆమె వాటినే చాలాసేపు చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు, తల వంచుకున్నాను.

"గడ్డం ఎత్తండి," అంది అక్క, సగం నోటితో. "నవ్వండి."