రెండు కామాల మధ్య

ఆసుపత్రి వెనక, వంటగదికీ బాయిలరు గదికీ నడుమ, బట్టలుతికే విభాగం ఉంది. అక్కడ నాలుగు పెద్ద యంత్రాలు, ఆరుగురు ఆడవాళ్ళు. వార్డుల నుంచి రోజూ ఆరువందల దుప్పట్లు మరకలతో వచ్చి తెల్లగా తిరిగి వెళ్తాయి. దుప్పటి ఎలా తెల్లబడిందని అడిగిన రోగి ఇంతవరకు లేడు. ఆ ఆరుగురిలో వయసులోనూ అనుభవంలోనూ పెద్దదాన్ని మిగిలిన అయిదుగురూ పెద్దక్క అంటారు. పై అధికారులు కూడా ఆ పేరే వాడుతూ వచ్చి, అసలు పేరు రిజిస్టరులో తప్ప మరెక్కడా లేకుండా చేశారు.

నాలుగు రోజుల క్రితం మూడో నంబరు యంత్రం నడుస్తుండగానే తలుపు తాళం ఊడిపోయింది. సలసల కాగుతున్న నీళ్ళు ఎదురుగా నిలబడ్డ మనిషి పాదాల మీద పడ్డాయి. ఆమె నోరు క్షణం ఊరుకోదు కాబట్టి అందరూ గలగల అని పిలుస్తారు. ఆ రోజు మాత్రం గలగల నోట ఒక్క మాట రాలేదు, కేకే వచ్చింది. ఇప్పుడు రెండు పాదాలకూ కట్లతో, బట్టలు మడతపెట్టే బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని పనిచేస్తోంది. సెలవు ఇస్తామన్నా తీసుకోలేదు. ఇంట్లో తన మాటలు వినేవాళ్ళు లేరట.

ఆ ఉదయం మేనేజరు ఒక్కొక్కరినీ తన గదికి పిలిపించి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. పెద్దక్క ఒకటో యంత్రం ఖాళీ చేస్తూ ఉండిపోయింది కాబట్టి ఆమె వంతు చివరన వచ్చింది.

"ఏముందే ఆ కాగితంలో?" అని తడి చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఏముంటుందక్కా, ఇంగ్లీషుంది," అంది గలగల. "తాళం చూడని ఆపరేటర్లు ప్రమాదానికి బాధ్యులు అని రాశారంట. మేనేజరుగారే చదివి చెప్పాడు. మనం రోజూ చూస్తాంగా, మనకేంటి? పెట్టేశాను. ఆయన కుర్చీ కూడా వేశాడు తెలుసా!"

"కుర్చీ వేశాడంటే ఏదో ఉందన్నమాటే," అంది పెద్దక్క.

పెద్దక్క ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కానీ రెండేళ్ళ క్రితం ఆమెకు ఒక పంతం పట్టుకుంది. యంత్రం మీద ఎర్రటి అక్షరాలతో ఒక వాక్యం అంటించి ఉంటుంది: డు నాట్ ఓపెన్ ది డోర్ అన్‌లెస్ ది డ్రమ్ హ్యాజ్ స్టాప్డ్. పదిహేడేళ్ళు ఆ వాక్యం ఎదుట నిలబడి పనిచేసినా అది తనతో ఏమంటోందో ఆమెకు తెలియదు. ఒకనాడు ఆ వాక్యాన్ని చిత్తుకాగితం మీద బొమ్మ గీసినట్టు గీసుకుని, తమ వీధి చివర ఇంట్లో ఉండే రిటైరైన ఇంగ్లీషు టీచరమ్మ తలుపు తట్టింది.

టీచరమ్మ వీధిలో అందరికీ ఫుల్‌స్టాప్ టీచరు. ఆమె మాట పూర్తి చేసిందంటే ఇక దాని తరువాత ఎవరి మాటా ఉండదు. తన దగ్గర చదివినవాళ్ళు డాక్టర్లయినా, తలలు నెరిసినా, ఆవిడ నోట "నువ్వు" అనే పిలుపే. "గౌరవం వయసుకు రాదు, వాక్యానికి వస్తుంది" అనేది. ఆ మాటకు అర్థం అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ రోజు కాగితం చూసి టీచరమ్మ, "ఇందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి సొంత కాళ్ళ మీద నిలబడుతుంది. రెండోది దాన్ని ఆనుకుని ఉంటుంది. తలుపు తెరవకు అన్నది నిలబడేది. డ్రమ్ము ఆగితే తప్ప అన్నది ఆనుకునేది. అర్థమైందా?" అంది.

"అర్థమైందమ్మా. నేనూ మా ఆయనా లాగా."

"ఎవరు ఎవరిని ఆనుకుని?"

"అది చెప్పకూడదమ్మా."

టీచరమ్మ నవ్వలేదు కానీ, రేపటి నుంచి డ్యూటీ దిగగానే రమ్మంది. అప్పటి నుంచి మధ్యాహ్నం మూడున్నరకు ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గర పెద్దక్క హాజరు. ఇంటిదగ్గర భర్త, "ఉతికి ఉతికి ఇంగ్లీషును కూడా ఆరేస్తావేమో" అని ఎగతాళి చేసేవాడు. పెద్దక్కకు ఒక తప్పు ఎంతకీ వదిలేది కాదు. 'ఆల్‌దో' అని మొదలుపెట్టిన ప్రతి వాక్యం నడుమ 'బట్' అని మళ్ళీ పెట్టేది. తెలుగులో "అయినా కానీ" అంటాం కదా, ఆ అలవాటు. టీచరమ్మ ప్రతిసారీ ఎర్ర సిరాతో కొట్టేసి, "ఒక తలుపుకు రెండు గడియలెందుకు? ఒకటి చాలు" అనేది.

మేనేజరు గదిలో నిజంగానే కుర్చీ వేసి ఉంది. కిటికీ పక్కన మరో కుర్చీలో సూపరింటెండెంటు కూర్చుని ఉంది. ప్రమాదం మీద విచారణ ముగించి పై ఆఫీసుకు నివేదిక పంపవలసిన డాక్టరమ్మ ఆవిడే. అయిదు సంతకాల కాగితం బల్ల మీద ఉంది.

"కూర్చో పెద్దక్కా," అన్నాడు మేనేజరు. "పెద్ద విషయం కాదు. తాళం చూడని ఆపరేటర్లు బాధ్యులు అని ఉంది, అంతే. నువ్వు చూశావుగా?"

"చూశానండి. హ్యాండిలు రెండుసార్లు లాగి చూస్తాం, ఆరుగురమూ. ఆ రోజూ లాగాం."

"మరింకేం? నీకు తగలని మాటకు నీకెందుకు బాధ? పెట్టు సంతకం."

పెద్దక్క కాగితం తీసుకుంది. పెదవులు కదలకుండా చదవడం ఆమెకు ఇంకా రాదు. చదివింది: ది ఆపరేటర్స్, హూ డిడ్ నాట్ చెక్ ది లాక్, ఆర్ రెస్పాన్సిబుల్ ఫర్ ది యాక్సిడెంట్. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి ఆమె వేలు ఒకచోట ఆగింది, తరువాత మరోచోట ఆగింది.

అక్కడ రెండు కామాలున్నాయి.

కిందటి ఏడాది ఒక మధ్యాహ్నమంతా టీచరమ్మ ఈ కామాల మీదే పెట్టింది. పెద్దక్కకు అర్థం కావడం లేదని చూసి, చివరకు ఆమె పనిలోంచే ఉదాహరణ తీసింది. "చిరిగిన దుప్పట్లు పక్కన పెట్టమన్నారనుకో. ఏవి పెడతావు?"

"చిరిగినవి. మిగతావి ఉంచుతాను."

"అదే ఇంగ్లీషులో, చిరిగిన అనే ముక్కకు అటూ ఇటూ కామా పెడితే, దుప్పట్లన్నీ చిరిగినవే అని అర్థం. అప్పుడు?"

"అన్నీ పక్కన పెట్టాలి!"

"అదీ సంగతి. మనం గొంతుతో తేడా చెబుతాం, వాళ్ళు కామాతో చెబుతారు. ఆ రెండు కామాలూ బుట్టకు రెండు చెవులు. వాటిని పట్టుకుని బుట్ట ఎత్తి అవతల పెట్టు. కింద మిగిలిందే అసలు వాక్యం."

పెద్దక్క ఇప్పుడు మనసులోనే బుట్ట ఎత్తింది. కింద మిగిలింది: ఆపరేటర్లు ప్రమాదానికి బాధ్యులు. చూసినవాళ్ళు, చూడనివాళ్ళు అన్న తేడా లేదు. ఆరుగురూ. పైగా ఆరుగురూ చూడలేదని, తమ చేతులతో తామే రాసిచ్చినట్టు.

ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "మీరు తెలుగులో చెప్పినదీ, ఇందులో రాసినదీ ఒకటి కాదండి."

మేనేజరు నవ్వాడు. "నీకు ఇంగ్లీషొచ్చా?"

"కాస్త వచ్చండి. మీరు చెప్పింది, చూడనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు బాధ్యులని. ఇక్కడ ఉన్నది, ఎవరూ చూడలేదు, అందరూ బాధ్యులేనని. ఈ రెండు కామాల వల్ల."

"కామాలా? టైపిస్టు చెయ్యి జారి ఉంటుంది."

"చెయ్యి జారితే ఒక కామా పడుతుందండి. సరిగ్గా ఆ ముక్కకు అటొకటి ఇటొకటి పడదు."

కిటికీ పక్కనున్న సూపరింటెండెంటు చేయి చాపి కాగితం అడిగి తీసుకుంది. చదివింది. ఆవిడ మేనేజరు వైపు చూసిన చూపుకు అతడు తేలు కుట్టిన దొంగలా సర్దుకుని కూర్చున్నాడు.

"ఆమె అన్నది నిజమే," అంది సూపరింటెండెంటు.

"సరే, సరే, దానికేం భాగ్యం!" అని మేనేజరు పెన్ను తీశాడు. "కామాలు రెండూ కొట్టేస్తాను. ఇప్పుడు సరేనా? తాళం చూసినదానివి, నువ్వు బయటపడ్డావు. ఇక సంతకం పెట్టి పనిలోకి వెళ్ళు."

అది గెలుపే. మరొకరైతే అక్కడ ఆగేవారు. తప్పు ఒప్పుకున్నట్టు రికార్డులోకి ఎక్కితే ఉద్యోగం ఊడుతుంది, పంతొమ్మిదేళ్ళ చాకిరీ నీళ్ళలో కలుస్తుంది. కామాలు పోతే ఆ భయం తీరుతుంది. పెద్దక్క పెన్ను అందుకోబోయి ఆగింది. కామాలు తీసేసిన వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. తాళం చూడని ఆపరేటర్లు. అంటే చూడని మనిషి ఒకరు ఎక్కడో ఉన్నట్టేగా? మూడో నంబరు ముందు ఆ రోజు నిలబడ్డది ఎవరు? పాదాలు కాలింది ఎవరికి? ఆరుగురి మెడ మీంచి తీసిన ఉరి, కట్లు కట్టుకుని దుప్పట్లు మడతపెడుతున్న ఒక్కతె మెడకు బిగుస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

"పెట్టనండి," అంది.

"ఇంకా ఏం కావాలి నీకు?" మేనేజరు గొంతు పెరిగింది. "కామాలు పెడితే తప్పు, తీస్తే తప్పు!"

"కామాలది కాదండి తప్పు. చూడకపోవడం వల్ల తాళం ఊడలేదు. చూశాం కాబట్టే వదులైందని ముందే రాశాం. పనుల పుస్తకం తెప్పించండి."

పుస్తకం వచ్చింది. ప్రమాదానికి పదకొండు రోజుల ముందటి పేజీలో, పెద్దక్క గుండ్రటి అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయి: ది లాక్ ఆఫ్ నంబర్ త్రీ ఈజ్ లూజ్. ప్లీజ్ రిపేర్ ఇట్.

"మొదటిది విషయం చెప్పే వాక్యమండి," అంది పెద్దక్క. తరగతిలో అప్పజెప్పే అలవాటు కొద్దీ ఆమెకు తెలియకుండానే వీపు నిటారైంది. "రెండోది పని చెప్పే వాక్యం. రెంటి కిందా మేనేజరుగారి పొట్టి సంతకం ఉంది. రిపేరుకు వచ్చిన మనిషే లేడు."

సూపరింటెండెంటు పుస్తకాన్ని చాలాసేపు చూసి, ఒక తెల్లకాగితం తీసి పెద్దక్క ముందు పెట్టింది.

"ఆ కాగితం చెల్లదు. జరిగింది నువ్వే రాయమ్మా. నీకు ఏ భాష సులువైతే ఆ భాషలో."

తెలుగులో రాసి ఉంటే రెండు నిమిషాల పని. కానీ ఆ నివేదిక వెళ్ళేది పై ఆఫీసుకు. అక్కడ మళ్ళీ ఎవరో ఒకరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి, మళ్ళీ ఎవరి చెయ్యో జారవచ్చు. పెద్దక్క ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. ఆల్‌దో వి రిపోర్టెడ్ ది లాక్. అక్కడ కామా పెట్టింది. చెయ్యి అలవాటుగా 'బట్' వైపు సాగింది. పెన్ను ముల్లు కాగితానికి తగలబోతూ ఆగింది. ఒక తలుపుకు ఒక గడియ. నోబడీ రిపేర్డ్ ఇట్, అని రాసి చుక్క పెట్టింది. సంతకం మాత్రం పెట్టలేదు.

"ఇది ఆరుగురి మాటండి. మిగతా అయిదుగురికీ తెలుగులో చదివి చెప్పి, అందరూ ఒప్పుకున్నాక పెడతాను. అందరికన్నా చివర."

మడతపెట్టే బల్ల మీద దుప్పట్లు జరిపి, ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి ఆమె చదివి చెప్పింది. గలగల రెండుసార్లు చదివించుకుంది. పొద్దున ఏమీ అడగకుండా సంతకం పెట్టానన్న సిగ్గు ముఖంలో కనబడుతూనే ఉంది.

"అక్కా, ఆ కామా సంగతేదో మాకూ నేర్పవే."

"ముందు నీకు ఫుల్‌స్టాపు నేర్పాలి."

గలగల పడిపడి నవ్వింది. ప్రమాదం తరువాత ఆ గదిలో అంత పెద్ద నవ్వు అదే మొదటిది. అయిదు సంతకాలూ పడ్డాక పెద్దక్క తన సంతకం పెట్టింది. సూపరింటెండెంటు ఆ కాగితాన్ని పనుల పుస్తకంతో కలిపి నివేదికకు జతచేసి, విచారణ ఇక రిపేరు విభాగం మీద, మేనేజరు మీద అని అందరి ఎదుటా చెప్పింది. ఒక నకలు పెద్దక్క చేతికిచ్చింది.

ఆ సాయంత్రం టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "నలభై నిమిషాలు ఆలస్యం."

పెద్దక్క నకలు అందించింది. టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని చదివింది. చేయి అలవాటుగా ఎర్ర పెన్ను కోసం వెళ్ళింది. వాక్యం మొదటి నుంచి చివరి దాకా పెన్ను గాలిలోనే నడిచింది, ఎక్కడా దిగలేదు.

"బట్ ఏదీ?"

"ఒక గడియ చాలన్నారుగా అమ్మా."

టీచరమ్మ తలెత్తలేదు. కింద ఉన్న సంతకాలను వేలితో లెక్కపెట్టింది. "అందరికన్నా చివర పెట్టావే? రాసింది నువ్వేగా?"

"వాళ్ళకు అర్థం కాకముందు నేను పెడితే, పొద్దున మేనేజరు చేసిందే నేనూ చేసినట్టవుతుంది కదమ్మా."

ఆవిడ కాగితాన్ని మడవకుండా, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. ఆ రోజు పాఠం లేదంది. పెద్దక్క లేచి వెళ్ళబోతుంటే, మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగని మనిషి కర్ర ఊనుకుంటూ వెంట వచ్చి, గేటుదాకా నడిచింది.

"రేపు కొత్త పాఠం," అంది గేటు తీసి పట్టుకుని. "వేళకు రండి."

పెద్దక్క వీధిలోకి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. రెండేళ్ళుగా ప్రతిరోజూ "రా" అన్న గొంతు అది. వెనక్కి తిరిగి చూసింది. టీచరమ్మ గేటు మూసి, గడియ పెడుతోంది. ఒకటే గడియ.

పెద్దక్క నకలును గుండెకు ఆనించి పట్టుకుని, వీధి మధ్య నుంచి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.