మొదటి పేజీలో ఎవరి కొలతలు

కోడలు తయారుచేసిన యాప్ స్క్రీన్‌ను అత్తగారు రెండు క్షణాలు చూసి, ఫోన్ బోర్లించింది.

"ఏమైందత్తయ్యా?"

"కొలతలేమీ లేవంటోంది కదే. లేనప్పుడు నేనేం చెయ్యను?" అని మళ్లీ కుట్టుమిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

కోడలికి ఒళ్లు మండింది. మండదా మరి! దర్జీలు కస్టమర్ల కొలతలు ఫోన్‌లో దాచుకోవడానికి ఆమె ఆఫీసులో తయారుచేస్తున్న యాప్ అది. ఒక్కసారి కొలతలు రాస్తే చాలు, గుడ్డ ఎంత పడుతుందో చెప్పేస్తుంది. కానీ కొత్తగా తెరిచినవాళ్లకు కనిపించేది తెల్లటి స్క్రీన్, మధ్యలో "ఇక్కడ కొలతలేమీ లేవు" అన్న ముక్క. పదిమందిలో ఎనిమిదిమంది అక్కడి నుంచే వెనక్కి పోతున్నారు. ఆఫీసులో మేనేజరు తేల్చి చెప్పేశాడు: శుక్రవారం యాప్ వాడి చూడ్డానికి ఆరుగురు దర్జీలు వస్తారు, కనీసం నలుగురు ఎవరూ చెప్పకుండానే మొదటి కొలత రాయాలి, లేకపోతే యాప్ మూసేయడమే. రెండేళ్ల కష్టం ఆ ఖాళీ స్క్రీన్ దగ్గర ఆగిపోయింది.

ఆమె బాణం గుర్తులు పెట్టి చూసింది. ఆరు పేజీల పాఠం పెట్టింది. చివరికి గంతులేసే కత్తెర బొమ్మ కూడా పెట్టింది.

"బొమ్మ ముద్దుగా ఉంది. దీన్నేం చేసుకోవాలి?" అంది అత్తగారు.

బుధవారం సాయంత్రం అత్తగారి కొలతల పుస్తకం నిండిపోయింది. కొత్తది తీసింది. మెడలోని టేపు తీసి, తన నడుం చుట్టూ తానే చుట్టుకుని, ఆ అంకె మొదటి పేజీలో రాసుకుంది. టీ కప్పుతో నిలబడ్డ కోడలు విడ్డూరంగా చూసింది.

"మీకేమైనా కుట్టుకుంటున్నారా అత్తయ్యా?"

"కుట్టుకోవడమేంటి! కొత్త పుస్తకంలో మొదటి పేజీ ఎప్పుడూ మన కొలతలకే. మన కొలత మనకు తెలిసిందే కాబట్టి టేపు సాగిందేమో తెలుస్తుంది, పెన్ను రాస్తుందో లేదో తెలుస్తుంది. తప్పు పోయినా కస్టమరు పేజీ పాడవదు. ఈ పని నేర్చుకున్న రోజు నుంచీ ఇంతే. మా తోటివాళ్లందరిదీ ఇదే అలవాటు."

"ఇన్నాళ్లూ ఈ మాట చెప్పలేదేం!"

"నువ్వడిగితే కదా! ఎంతసేపూ ఫోను నా మొహాన పెట్టి నొక్కు నొక్కు అంటావు."

కోడలు టీ కప్పును గుడ్డలు కత్తిరించే బల్ల మీదే పెట్టేసి పరుగెత్తింది. వెనక నుంచి అక్షింతలు పడుతూనే ఉన్నాయి. ఆమెకు ఒక్కటీ వినపడలేదు.

గురువారం బాణాలు, పాఠాలు, కత్తెర అన్నీ తీసి పారేసింది. గీతల కాగితంలా ఉన్న ఒక్క పేజీ మిగిలింది. పైన రెండు వాక్యాలు: "మొదటి పేజీ మీ కొలతలకే. తప్పు పోతే చెరిపేయొచ్చు." కింద పేరుకో గీత, భుజం, ఛాతీ, నడుం అని మూడు ఖాళీ గడులు.

"ఇంతేనా?" అన్నాడు మేనేజరు.

"ఇంతే," అంది కోడలు.

శుక్రవారం మొదట కూర్చున్నది కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన. స్క్రీన్ చదివి ముసిముసిగా నవ్వాడు. "ఎవరో మా పని తెలిసినవాళ్లే చేశారు ఇది," అంటూ సంచిలోంచి టేపు తీసి నడుముకు చుట్టుకున్నాడు. ఆయన తర్వాత మరో నలుగురూ అంతే. ఒకావిడ మాత్రం కళ్లద్దాలు మరిచిపోయానంటూ లేచిపోయింది. ఆరుగురిలో ఐదుగురు! మేనేజరు కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపాడు. కోడలి గుండె ఉప్పొంగిపోయింది. గర్వమే, దాచుకోవడం దేనికి?

ఇంటికి రాగానే ఫోన్ అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ చదివి పకపకా నవ్వింది. "ఓసి గడుసుదానా, నా మాట నాకే చెబుతున్నావా!" అని టేపు తీసింది. "రా, నిటారుగా నిలబడు."

"అక్కడ మీ కొలతలు రాయాలత్తయ్యా."

"తప్పు పోయినా ఏమీ అనుకోని మనిషి కొలతలు రాయాలి. నువ్వు నాకు అంత మనిషివి కాదా ఏం?"

భుజం, ఛాతీ, నడుం కొలిచింది. పేరు దగ్గర ఒక్క వేలితో మెల్లగా కొట్టింది: "మా కోడలు. ఈ పేజీ చేసింది తనే."

ఇంతలో గుడ్డల సంచితో ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. ఏం కుట్టాలని అడగకముందే, అత్తగారు ఆవిడకు ఫోన్ ఇచ్చి ఆ పేజీ చదవమంది.